తేదీ ఎందుకు మారిందో తెలియాలంటే ముందు క్యాలెండర్ తెరవండి

షెడ్యూల్‌లో ఒక తేదీ తేడాగా కనిపిస్తే చాలామంది ముందు టాస్కుల మధ్య లింకులు వెతుకుతారు. తర్వాత వ్యవధులు అటూ ఇటూ మారుస్తారు. అప్పటికీ కుదరకపోతే కావలసిన తేదీని నేరుగా టైప్ చేసేస్తారు. అక్కడితో ఆ షెడ్యూల్ లెక్క కట్టడం మానేసి, మనం రాసింది చూపించే పట్టికగా మిగిలిపోతుంది. నేను ప్లానింగ్ పనిలో ఉన్నాను. కట్టడాల షెడ్యూళ్లూ చూస్తాను, సాఫ్ట్‌వేర్ పనుల షెడ్యూళ్లూ చూస్తాను. సరిచేయమని నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో నేను ముందుగా తెరిచేది క్యాలెండర్నే. చాలాసార్లు ఇంకెక్కడా వెతకాల్సిన అవసరం రాదు.

ఒక టాస్క్‌కు "3 రోజులు" అని రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని పని గంటలుగా తీసుకుంటుంది. ఆ గంటలను క్యాలెండర్‌లో పని వేళలు ఉన్న చోటల్లా నింపుకుంటూ పోతుంది. గంటలు ఎక్కడ అయిపోతే అదే ముగింపు తేదీ. శని, ఆదివారాలు సెలవైన క్యాలెండర్‌లో గురువారం ఉదయం మొదలైన 3 రోజుల పని సోమవారం సాయంత్రం ముగుస్తుంది. ఆ సోమవారం సెలవని నమోదు చేస్తే మంగళవారం ముగుస్తుంది. వ్యవధి మారలేదు, లింకు మారలేదు, తేదీ మాత్రం మారింది. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. ఒకే ఫైల్‌లో ఒకటికి మించి క్యాలెండర్లు ఉన్నప్పుడు, ఏ టాస్క్‌కు ఏది వర్తిస్తోందో తెలియకపోవడంతో చిక్కు మొదలవుతుంది.

ఏ క్యాలెండర్ మాట చెల్లుతుంది

ఎక్కువమంది వాడే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ కాబట్టి మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ డెస్క్‌టాప్ వెర్షన్‌తోనే చెబుతాను. అందులో మూడు స్థాయిల్లో క్యాలెండర్లు ఉంటాయి: మొత్తం ప్రాజెక్ట్‌కు ఒకటి, ప్రతి రిసోర్స్‌కు (పని చేసే మనిషికి లేదా యంత్రానికి) ఒకటి, కావాలనుకుంటే టాస్క్‌కు విడిగా ఒకటి.

టాస్క్‌కు మనుషులనెవరినీ కేటాయించకపోతే, విడి క్యాలెండర్ కూడా ఇవ్వకపోతే, ప్రాజెక్ట్ క్యాలెండర్ వర్తిస్తుంది. ఒక మనిషిని కేటాయించగానే ఆ మనిషి క్యాలెండర్ పెత్తనం చేస్తుంది. మనిషి లేకుండా టాస్క్ క్యాలెండర్ మాత్రమే ఇస్తే అదే నడుస్తుంది. రెండూ ఉంటే మాత్రం, రెండింటిలోనూ పని వేళగా ఉన్న గంటల్లోనే పని జరుగుతుంది.

ఈ చివరిదాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక బృందానికి శుక్ర, శనివారాలు సెలవు. ఆ బృందంలో ఒకరికి 40 గంటల పని ఇచ్చారు. ఆ టాస్క్‌కు సోమవారం నుంచి శుక్రవారం దాకా నడిచే టాస్క్ క్యాలెండర్ పెట్టారు. ఆ మనిషికి పని వేళలు ఆదివారం నుంచి గురువారం దాకా. రెండింటికీ ఉమ్మడిగా మిగిలేది సోమ, మంగళ, బుధ, గురువారాలు. రోజుకు 8 గంటల చొప్పున 32 గంటలు ఆ వారంలో అవుతాయి, మిగతా 8 గంటలకు వచ్చే సోమవారం దాకా ఆగాలి. "ఐదు రోజుల పని ఎనిమిది రోజులు ఎందుకు పట్టింది" అన్న ప్రశ్నకు సమాధానం ఇదే. రెండు క్యాలెండర్లకూ ఉమ్మడి వేళ ఒక్కటీ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆ సంగతి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను చదవకుండా మూసేయకండి.

మనిషి సెలవులతో నిమిత్తం లేకుండా టాస్క్ క్యాలెండర్ ప్రకారమే జరగాలంటే, టాస్క్ ఇన్ఫర్మేషన్ విండోలో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లండి. టాస్క్ క్యాలెండర్ ఎంచుకునే చోటే, రిసోర్స్ క్యాలెండర్లను పట్టించుకోవద్దని చెప్పే టిక్ పెట్టె ఉంటుంది. రాత్రిపూట దానంతట అదే నడిచే సర్వర్ పనులకు ఇది సరిపోతుంది. మనుషులు చేసే పనికి ఈ టిక్ పెట్టడం నాకు ఇష్టం ఉండదు. సెలవులో ఉన్న మనిషి పని చేస్తున్నట్టు చూపించే షెడ్యూల్‌ను ఆ మనిషే నమ్మడు.

ప్రైమవేరా పీ6 అనే మరో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో పద్ధతి వేరు. అక్కడ ప్రతి యాక్టివిటీకీ (టాస్క్‌కు అక్కడి పేరు) తనదైన క్యాలెండర్ ఉంటుంది. యాక్టివిటీ రకం "టాస్క్ డిపెండెంట్" అయితే ఆ యాక్టివిటీ క్యాలెండరే వర్తిస్తుంది, "రిసోర్స్ డిపెండెంట్" అయితే రిసోర్స్ క్యాలెండర్లు వర్తిస్తాయి. అందుకే పీ6 లో ఒక మనిషి సెలవులు నమోదు చేసినా తేదీ కదలకపోతే ముందు యాక్టివిటీ రకం చూడాలి.

క్యాలెండర్ తయారు చేయడం

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌తో పాటు వచ్చే "స్టాండర్డ్" క్యాలెండర్ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 8 నుంచి 12, మధ్యాహ్నం 1 నుంచి 5 అని ఉంటుంది. దాన్ని నేరుగా మార్చకుండా, నకలు తీసి సొంత పేరు పెట్టుకోండి. పేరు చూడగానే విషయం తెలియాలి: "6 రోజులు, పగలు", "రాత్రి షిఫ్ట్", "వారాంతం మాత్రమే" లాంటివి. "కొత్త క్యాలెండర్ 2" అని పేరు పెట్టిన ఫైల్ ఆరు నెలల తర్వాత తెరిస్తే పెట్టినవాళ్లకే అది ఏమిటో గుర్తుండదు.

1. ప్రాజెక్ట్ ట్యాబ్‌లో "చేంజ్ వర్కింగ్ టైమ్" తెరిచి, కొత్త క్యాలెండర్ బటన్ నొక్కి, స్టాండర్డ్‌కు నకలు తీయండి.

2. వారపు అలవాటును "వర్క్ వీక్స్" ట్యాబ్‌లో పెట్టండి: వారంలో ఏ రోజులు పని, ఏ వేళలు. శనివారాన్ని పని దినం చేయాలంటే ఇక్కడే వేళలు ఇవ్వాలి.

3. సెలవులను "ఎక్సెప్షన్స్" ట్యాబ్‌లో పేరుతో, తేదీతో రాయండి.

4. ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్ విండోలో, క్యాలెండర్ అన్న చోట, మీరు తయారు చేసినదాన్ని ఎంచుకోండి.

5. రిసోర్స్ షీట్‌లో "బేస్ క్యాలెండర్" (ఆ మనిషి క్యాలెండర్‌కు ఆధారమైనది) కాలమ్ చూసి, ప్రతి మనిషి వరుసలోనూ సరైన పేరు ఉందో లేదో సరిచూడండి.

నాలుగో అడుగు, ఐదో అడుగు వదిలేసిన ఫైళ్లు నేను తరచుగా చూస్తుంటాను. క్యాలెండర్ చక్కగా తయారై ఉంటుంది, సెలవులన్నీ అందులో ఉంటాయి, కానీ ప్రాజెక్ట్ ఇంకా స్టాండర్డ్ మీదే నడుస్తుంటుంది. లేదా ప్రాజెక్ట్ కొత్తదాని మీద, మనుషులు పాతదాని మీద ఉంటారు. అప్పుడు మనుషులను కేటాయించని టాస్కులు సెలవు పాటిస్తాయి, కేటాయించినవి పాటించవు. ఒకే పేజీలో సగం టాస్కులు ఒకలా, సగం ఇంకోలా కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే.

ఇంకొక సంగతి. నకలు తీసిన క్యాలెండర్‌కూ అసలుదానికీ తర్వాత ఏ సంబంధమూ ఉండదు. స్టాండర్డ్‌లో కొత్త సెలవు కలిపితే నకలులోకి అది రాదు. ఐదు క్యాలెండర్లు ఉంటే ఐదింటిలోనూ విడివిడిగా కలపాలి. అదే రిసోర్స్ క్యాలెండర్ అయితే తన బేస్ క్యాలెండర్‌లోని సెలవులను తీసుకుంటుంది. పీ6 లో ప్రాజెక్ట్ క్యాలెండర్లు, రిసోర్స్ క్యాలెండర్లు గ్లోబల్ క్యాలెండర్ నుంచి సెలవులను వారసత్వంగా తీసుకునేలా పెట్టుకోవచ్చు. ఆ సదుపాయం ఉన్నవాళ్లు తప్పకుండా వాడుకోండి.

అర్ధరాత్రి దాటే షిఫ్ట్‌ను రెండు ముక్కలు చేయాలి. రాత్రి 11 నుంచి 12 దాకా ఒక రోజు కింద, 12 తర్వాతి గంటలు మరుసటి రోజు కింద రాయాలి. ఎలా రాయాలో అర్థం కాకపోతే ప్రోగ్రామ్‌తో వచ్చే "నైట్ షిఫ్ట్" క్యాలెండర్ తెరిచి చూడండి, అందులో ఇలాగే ఉంటుంది.

రోజు అంటే ఎన్ని గంటలు

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి. క్యాలెండర్‌లో పని వేళలు మార్చినా, "1 రోజు" అంటే ఎన్ని గంటలో మారదు. ఆ లెక్క వేరే చోట, ఆప్షన్స్‌లో షెడ్యూల్ విభాగంలో ఉంటుంది. మొదట్లో అక్కడ రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు, నెలకు 20 రోజులు అని ఉంటుంది. ఈ మూడు అంకెలూ మీ క్యాలెండర్‌ను చూసి తమంతట తాము మారవు.

రోజుకు 10 గంటల క్యాలెండర్ పెట్టారనుకోండి: ఉదయం 7 నుంచి 12, మధ్యాహ్నం 1 నుంచి సాయంత్రం 6. ఆప్షన్స్‌లో 8 గంటలే ఉంచారు. ఇప్పుడు 1 రోజు టాస్క్ రాస్తే అది 8 గంటలే కాబట్టి సాయంత్రం 4 కే ముగుస్తుంది. దాని వెనకాల టాస్క్ అదే రోజు 4 గంటలకు మొదలవుతుంది. సోమవారం మొదలైన 5 రోజుల టాస్క్ గురువారం సాయంత్రమే అయిపోతుంది. తేదీలు మాత్రమే చూసేవాళ్లకు ఇదంతా సాఫ్ట్‌వేర్ లోపంలా అనిపిస్తుంది.

ఆరు రోజుల వారంలో ఇదే ఇబ్బంది ఇంకో రూపంలో వస్తుంది. రోజుకు 8 గంటల చొప్పున సోమవారం నుంచి శనివారం దాకా అంటే వారానికి 48 గంటలు. ఆప్షన్స్‌లో 40 అలాగే ఉంటే "3 వారాలు" అని రాసిన టాస్క్ 120 గంటలు, అంటే 15 పని దినాలు మాత్రమే. సోమవారం మొదలైతే మూడో వారం బుధవారానికే ముగుస్తుంది. మీరు శనివారం అనుకున్నారు, షెడ్యూల్ మూడు రోజులు ముందే ముగించింది. నెలలతో రాస్తే తేడా మరీ ఎక్కువ: "2 నెలలు" అంటే 40 పని దినాలు, ఆరు రోజుల వారంలో అది ఆరు వారాల నాలుగు రోజులకే అయిపోతుంది. షెడ్యూల్‌లో అందరికీ నచ్చే తప్పు ఇది. పని ముందే అయిపోతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు, మాట ఇచ్చేస్తారు. అందుకే దీని గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ అంకెలు మార్చడానికి సరైన సమయం ఒక్క టాస్క్ కూడా రాయకముందే. కారణం ఏమిటంటే, ప్రోగ్రామ్ వ్యవధిని నిమిషాల్లో దాచుకుంటుంది. 10 రోజులు అని రాసినప్పుడు రోజుకు 8 గంటలైతే లోపల 4800 నిమిషాలు చేరతాయి. తర్వాత మీరు రోజుకు 10 గంటలని మారిస్తే ఆ 4800 నిమిషాలు అలాగే ఉండి, తెర మీద మాత్రం 8 రోజులుగా కనిపిస్తాయి. రెండు వందల టాస్కులు రాశాక ఈ మార్పు చేస్తే ప్రతి వ్యవధీ మళ్లీ చూసుకోవాలి.

అక్కడే ఉండే డిఫాల్ట్ ప్రారంభ వేళ, ముగింపు వేళ కూడా చూడండి. మొదట్లో ఉదయం 8, సాయంత్రం 5 అని ఉంటాయి. మీరు వేళ రాయకుండా తేదీ మాత్రమే టైప్ చేసినప్పుడు ఇవి చేరతాయి. పైన చెప్పిన ఉదయం 7 క్యాలెండర్‌లో, 10 గంటల టాస్క్‌కు ప్రారంభ తేదీ టైప్ చేస్తే అది 8 కి మొదలై, సాయంత్రం 6 కు ఇంకా ఒక గంట మిగిలి, మర్నాడు ఉదయం 8 కి ముగుస్తుంది. ఒక్క రోజు పని రెండు తేదీల మీద పరుచుకుంటుంది.

ఇవన్నీ కళ్లకు కనబడాలంటే తేదీతో పాటు వేళ కూడా చూపించే ఫార్మాట్ ఎంచుకోండి. నేను ఏ ఫైల్ తెరిచినా ముందు చేసేది అదే. గంటలు కనబడగానే సగం టెన్షన్ పోతుంది. తర్వాత ఖాళీ ఫైల్‌లో 1 రోజు, 5 రోజులు, 1 వారం, 1 నెల అని నాలుగు టాస్కులు రాసి, ఎవరినీ కేటాయించకుండా, ఎక్కడ ముగుస్తున్నాయో చూడండి. మీరు నోటితో చెప్పే లెక్కకూ తెర మీది లెక్కకూ తేడా ఉంటే అసలు పని మొదలుపెట్టకండి.

ఎక్సెల్‌లో సరిచూసుకునేవాళ్లకు ఒక మాట. అక్కడి వర్క్‌డే ఫంక్షన్ ప్రారంభ తేదీని లెక్కలోకి తీసుకోదు. గురువారానికి 3 కలిపితే మంగళవారం వస్తుంది, ప్రాజెక్ట్‌లో సోమవారం వస్తుంది. వ్యవధిలోంచి 1 తీసేసి ఇస్తే రెండూ కలుస్తాయి.

సెలవు తెలియని పనులు

కాంక్రీటు గట్టిపడటానికి ఆదివారం, సెలవు అనే తేడా లేదు. పోసింది గురువారం సాయంత్రం 5 కి అయితే 7 రోజుల క్యూరింగ్ వచ్చే గురువారం సాయంత్రం 5 కి పూర్తవుతుంది, శుక్రవారం ఉదయం తర్వాతి పని మొదలుపెట్టవచ్చు. అదే 7 రోజులను ఐదు రోజుల క్యాలెండర్ మీద పెడితే క్యూరింగ్ ఆ మరుసటి సోమవారం దాకా సాగి, తర్వాతి పని మంగళవారానికి పోతుంది. 28 రోజుల బలం పరీక్ష కోసం ఆగాల్సి వస్తే తేడా ఇంకా పెద్దది: అసలు నాలుగు వారాలైతే, ఐదు రోజుల క్యాలెండర్ ఐదు వారాల మూడు రోజులు చూపిస్తుంది. రంగు ఆరడం, సరుకు ఓడలో ప్రయాణించడం, నోటీసు గడువు, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో దీనికి "ఎలాప్స్‌డ్" వ్యవధి ఉంది. అంకె తర్వాత ఈ, డి అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు రాస్తే అది ఏ క్యాలెండర్‌నూ చూడకుండా 24 గంటల రోజులు లెక్కిస్తుంది. ఈ నిరీక్షణను లింకు మీద లాగ్‌గా, అంటే రెండు టాస్కుల మధ్య ఆగాల్సిన సమయంగా పెట్టవచ్చు, విడి టాస్క్‌గానూ పెట్టవచ్చు. నేను టాస్క్‌గా పెట్టమనే చెబుతాను. లాగ్ చార్టులో ఎక్కడా పేరుతో కనిపించదు, ఎందుకు ఆగుతున్నామో చదివేవాళ్లకు తెలియదు. పీ6 లో లాగ్ ఏ క్యాలెండర్ ప్రకారం నడవాలో షెడ్యూల్ ఆప్షన్స్‌లో ఎంచుకోవాలి: ముందు యాక్టివిటీది, వెనక యాక్టివిటీది, 24 గంటలది, ప్రాజెక్ట్ డిఫాల్ట్‌ది. ఆ ఒక్క ఎంపిక మారితే ఫైల్ మొత్తంలో తేదీలు కదులుతాయి. ఇంకొకరి నుంచి ఫైల్ తీసుకున్నప్పుడు ఇది అడిగి రాసిపెట్టుకోండి.

వారాంతంలోనే జరిగే పనులు

నడుస్తున్న సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌కు డేటా మార్చే పని శని, ఆదివారాల్లోనే చేయనిస్తారు. చాలా షెడ్యూళ్లలో దీనికి మామూలు క్యాలెండర్ ఉంచి, తేదీని చేత్తో శనివారానికి నెట్టి ఉంటారు. అలా చేయకండి. వారాంతం మాత్రమే పని వేళలున్న టాస్క్ క్యాలెండర్ పెట్టండి. దాని విలువ ఆలస్యం వచ్చినప్పుడు తెలుస్తుంది. ముందు పని శుక్రవారం సాయంత్రం ముగిస్తే డేటా మార్పిడి శనివారం మొదలవుతుంది. ఆ ముందు పని ఒక్క పని దినం ఆలస్యమై సోమవారం ముగిస్తే, మార్పిడి వచ్చే శనివారానికి దూకుతుంది. ఒక రోజు ఆలస్యం ఏడు రోజుల ఆలస్యంగా మారింది. ఈ సంగతి ముందే చూపించే షెడ్యూల్ చేతిలో ఉంటే శుక్రవారం ఆ ఒక్క రోజును కాపాడుకోవడానికి అదనపు మనుషులను అడగొచ్చు. నా వృత్తిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చే మాటలు ఇలాంటి చోటే మాట్లాడతాను.

వాతావరణం మీద ఆధారపడే పనులకూ ఇదే పద్ధతి. వాన రోజులకు వ్యవధులు పెంచి రాయడం కంటే, వానాకాలపు నెలల్లో కొన్ని పని దినాలు తీసేసిన విడి క్యాలెండర్ పెట్టి, ఆరుబయట పనులకే దాన్ని ఇవ్వండి. పని ఎండాకాలానికి జరిగితే ఆ అదనపు రోజులు వాటంతటవే తొలగిపోతాయి. వ్యవధిలో కలిపేసిన రోజులు ఎక్కడికి జరిపినా వెంటే వస్తాయి.

క్రిటికల్ పాత్ తెగిపోయినట్టు కనిపిస్తే

క్రిటికల్ పాత్ అంటే ప్రాజెక్ట్ ముగింపు తేదీని నడిపించే టాస్కుల గొలుసు, స్లాక్ అంటే ఆ తేదీ కదలకుండా ఒక టాస్క్ ఎంత ఆలస్యం కాగలదో చెప్పే అంకె. వేర్వేరు క్యాలెండర్ల టాస్కులు ఒకే గొలుసులో ఉంటే స్లాక్ అంకెలు గజిబిజి చేస్తాయి. వారమంతా నడిచే టాస్క్ శుక్రవారం సాయంత్రం ముగిసింది, దాని వెనక ఐదు రోజుల క్యాలెండర్ టాస్క్ సోమవారం ఉదయం మొదలవుతుంది. మొదటిది ఆదివారం సాయంత్రం ముగిసినా రెండోదానికి నష్టం లేదు. అందుకే మొదటి టాస్క్‌కు 2 రోజుల స్లాక్ చూపిస్తుంది. సున్నా స్లాక్ ఉన్నవే క్రిటికల్ అని పెట్టుకుంటే అది ఎర్ర బార్ల జాబితాలోంచి జారిపోతుంది. నిజానికి ముగింపు తేదీని నడిపిస్తున్న గొలుసులో అది కూడా ఉంది. పీ6 లో క్రిటికల్‌ను స్లాక్‌తో కాకుండా "లాంగెస్ట్ పాత్"తో గుర్తించే ఎంపిక ఉంది, క్యాలెండర్లు కలిసిన ఫైళ్లకు అదే మంచిది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఆప్షన్స్‌లోని క్రిటికల్ హద్దును సున్నా నుంచి 2 రోజులకు పెంచి చూస్తే తెగిన ముక్కలు మళ్లీ కలిసి కనిపిస్తాయి.

గాంట్ చార్టులో (టాస్కులను బార్లుగా చూపించే పటంలో) బూడిద రంగు పట్టీలను కూడా పూర్తిగా నమ్మకండి. అవి టైమ్‌స్కేల్ సెట్టింగ్‌లో ఎంచుకున్న ఒకే ఒక క్యాలెండర్ సెలవులు. వేరే క్యాలెండర్ మీదున్న టాస్క్ ఆ పట్టీల మీదుగా పని చేస్తూ కనిపిస్తే అది తప్పు కాకపోవచ్చు.

నడుస్తున్న ప్రాజెక్ట్‌లో

మధ్యలో కొన్ని నెలలు మాత్రమే 10 గంటల షిఫ్ట్ నడపాలంటే మొత్తం క్యాలెండర్ మార్చవద్దు. వర్క్ వీక్స్‌లో ఆ తేదీల మధ్య వర్తించే కొత్త వరుస కలపండి. ఆ నెలల్లో టాస్కులను గంటల్లోనే రాయండి, ఎందుకంటే రోజుకు ఎన్ని గంటలన్న లెక్క ఫైల్ మొత్తానికీ ఒకటే.

ఏ మార్పు చేసినా ముందు ఫైల్‌కు నకలు దాచి, బేస్‌లైన్ (పోల్చుకోవడానికి ముందే దాచిన తేదీల నకలు) ఉందో లేదో చూసుకుని, మార్పు తర్వాత ముగింపు తేదీ ఎంత కదిలిందో ఒక వరుసలో రాసిపెట్టండి. చేత్తో షెడ్యూల్ చేసే టాస్కులు క్యాలెండర్ మారినా కదలవు, వాటిని విడిగా వెతికి చూడాలి.

బృందాలు వేర్వేరు దేశాల్లో ఉంటే, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ డెస్క్‌టాప్ టైమ్ జోన్లను లెక్క కట్టదని గుర్తుంచుకోండి. ఉదయం 9 అంటే అందరికీ అదే 9. గంటల తేడా ముఖ్యమైన చోట, ఒక ప్రాంతపు గడియారాన్ని ప్రమాణంగా తీసుకుని, మిగతావాళ్ల పని వేళలను దానికి మార్చి వాళ్ల క్యాలెండర్లలో రాయాలి.

రెండు మూడేళ్లు సాగే ప్రాజెక్టుల్లో ఈ ఏడాది సెలవులు మాత్రమే నమోదై ఉండటం మామూలే. వచ్చే జనవరి నుంచి ఒక్క సెలవు కూడా లేనట్టు షెడ్యూల్ లెక్కవేస్తుంది, ముగింపు తేదీ అసలు రావాల్సినదానికంటే ముందే వచ్చినట్టు కనిపిస్తుంది. ఏటా ఒకే తేదీన వచ్చే సెలవులకు ఎక్సెప్షన్‌లో ఏటా తిరిగి వచ్చేలా పునరావృతం పెట్టవచ్చు. తేదీ మారే సెలవులను ఏడాది ముగిసేలోపు చేతితో కలపాలి. ఫైల్ ఎవరికైనా పంపేటప్పుడు ఒక చిన్న కాగితం జతచేయండి: ఏ క్యాలెండర్లు ఉన్నాయి, ఒక్కోదానిలో రోజుకు, వారానికి ఎన్ని గంటలు, సెలవులు ఏ తేదీ దాకా నమోదయ్యాయి, లాగ్ ఏ క్యాలెండర్ మీద నడుస్తోంది. ఆ నాలుగు వివరాలు లేకుండా వచ్చిన షెడ్యూల్‌ను నేను అంగీకరించను. అవి పంపమని అడిగి, వచ్చాకే తేదీల మీద చర్చ మొదలుపెడతాను.